చెప్పాలా, వద్దా

1983 ఫిబ్రవరి 11

అక్కా,

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను. సబ్‌మెరైన్‌కి కిటికీలు ఉండవు. ఒక్కటి కూడా ఉండదు. కాబట్టి చేపలు కనపడవు. నేను అద్దంలోంచి తిమింగలాలు చూస్తున్నానని నీ వార్డులో రోగులందరికీ చెప్పేశావని నాన్న రాశాడు. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకో.

ఉన్నదల్లా ఒక పొడవాటి ఇనపగొట్టం. అందులో డెబ్భైమందిమి. నడిచే దారిలో ఇద్దరు ఎదురైతే ఒకడు గోడకి అతుక్కోవాలి. నాకూ ఇంకొకడికీ కలిపి ఒకటే మంచం. వాడు డ్యూటీకి లేస్తే నేను పడుకుంటాను, పరుపు వెచ్చగానే ఉంటుంది. స్నానం సంగతి అడక్కు. బట్టల్లో, జుట్టులో, చివరికి రొట్టెలో కూడా డీజిల్ వాసనే. ఒడ్డుకొచ్చి బస్సెక్కితే నా పక్కసీటు ఎప్పుడూ ఖాళీ.

మా కెప్టెన్ గురించి చెప్పాలి. గొంతు పెంచడు. మొదటిరోజే నన్ను పిలిచి, "కిందకి దిగాక ఒకడి తప్పు డెబ్భైమంది తప్పు. నువ్వు తప్పు చేస్తే నీ నోటితో నువ్వే ముందు చెప్పు. ఎవరూ తిట్టరు" అన్నాడు. వారం తిరక్కుండా నేను ఒక వాల్వు తప్పు వైపు తిప్పాను. వెళ్ళి చెప్పాను. "సరే, ఇప్పుడు సరైన వైపు తిప్పు" అన్నాడు, అంతే. అక్కా, ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. ఎప్పటికైనా ఆయనలా అవ్వాలని ఉంది.

నాన్న దగ్గు తగ్గిందా?

నీ గుండు


1983 మార్చి 2

ఒరేయ్ గుండూ,

తిమింగలాలు వెనక్కి తీసుకోను. మూడో మంచం ముసలావిడకి మాత్రలకన్నా అవే బాగా పనిచేస్తున్నాయి. పొద్దున్నే "ఇవాళ మీవాడికి ఎన్ని కనపడ్డాయి సిస్టరూ?" అని అడిగి మరీ లేచి కూర్చుంటోంది. నిన్న ఏడు చెప్పాను.

నాన్న సంగతి నీకు తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. చొక్కా కొలతలకి వచ్చినవాడల్లా నీ ఉద్యోగం గురించి వినేదాకా టేపు మెడమీంచి తియ్యడు. "ఈత నేర్పిద్దామని కాలవలో దింపితే గుండులా మునిగాడండీ మావాడు. మునగడంలో ఉన్న నేర్పు చూసే గవర్నమెంటు వాళ్ళు ఎత్తుకుపోయారు" అంటాడు. మీ బావ బస్సు డ్యూటీ దిగి షాపుకెళ్తే ఆయనక్కూడా మళ్ళీ మొదట్నించీ వినిపిస్తున్నాడు.

దగ్గుకి ఎక్స్‌రే తీయించాను. ఏమీ లేదన్నారు. నాకు మాత్రం ఆ శబ్దం నచ్చలేదు. నువ్వు దిగులుపడతావని రాయొద్దనుకున్నాను, కానీ మీ కెప్టెన్ మాట చదివాక దాచబుద్ధి కాలేదు.

నీ అక్క


1986 జూన్ 30

తమ్ముడికి,

నాన్న పోయి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. తొమ్మిదో తారీకు పొద్దున, నా వార్డులోనే, నా చేతుల్లోనే.

నీకోసం మూడు రోజులు ఆపాను. అంతకన్నా ఆపలేమని మార్చురీ వాళ్ళే చెప్పాల్సి వచ్చింది, వాళ్ళందరికీ డ్యూటీలు వేసే నాకు. మీ ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ ఆ గుమాస్తా ఒకటే మాట: "సందేశం బోటుకి అందిందమ్మా."

అందిందట. రాలేకపోయావు, సరే. సముద్రం మధ్యలో దించెయ్యమనడానికి అది మీ బావ బస్సు కాదని నాకూ తెలుసు. ఒక్క మాట పంపలేవా? షాపులో నీ పేర కత్తిరించి పెట్టిన చొక్కా గుడ్డ అలాగే ఉంది. ఎవరికివ్వమంటావు?

అక్క


1986 జూలై 19

అక్కా,

నిన్న ఒడ్డుకొచ్చాను. నీ ఉత్తరం ఇవాళ చూశాను. నాన్న లేడని నాకు నిన్ననే తెలిసింది. సందేశం బోటుకి అందిన మాట నిజం. నాకు అందలేదు. ఇంతకన్నా రాయలేను, అడక్కు.

ఎల్లుండి సెలవు మీద వస్తున్నాను. ఉండనిస్తే నాలుగు రోజులు ఉంటాను.

గుండు


1986 జూలై 28

తమ్ముడికి,

వచ్చావు, నాలుగు రోజులు మూగవాడిలా కూర్చున్నావు, వెళ్ళావు. అందుకే ఎదురుగా అడగలేనిది కాగితం మీద అడుగుతున్నాను. బోటుకి అందిందట, నీకు అందలేదట. డెబ్భైమంది పట్టే గొట్టంలో సందేశం ఎక్కడ తప్పిపోయిందిరా? నీళ్ళ కింద ఉండీ ఉండీ నీళ్ళు నమలడం నేర్చుకున్నావు.

నీకు తెలుసు. తెలిసి, నీ పని నువ్వు చూసుకున్నావు. ఒప్పుకుంటే క్షమించేదాన్ని. నువ్వు నిజం చెప్పేదాకా నేను ఉత్తరం రాయను.

అక్క


1990 నవంబరు 16

తమ్ముడికి,

నాలుగేళ్ళ పంతం పక్కన పెట్టి రాస్తున్నాను. డిపోలో ఎవరో పారేసిన పేపరు మీ బావ తెచ్చాడు. అందులో నీ ఫొటో, ఛాతీమీద పతకం. "ప్రాణాలకు తెగించి నౌకను, సిబ్బందిని కాపాడిన ఉపకెప్టెన్" అని రాశారు. కాపాడాడంటే కాపాడాల్సినంతది ఏదో జరిగిందన్నమాటేగా! ఎప్పుడు? ఏమైంది? నీకేమీ కాలేదు కదా?

పేపరు కత్తిరించి నర్సుల గదిలో బీరువా తలుపుకి అంటించాను. నా తమ్ముడని కొత్తపిల్లలు నమ్మడం లేదు. ముక్కు చూపించి నమ్మించాను.

కోపం పోయిందనుకోకు. భయం ముందుకొచ్చింది, అంతే.

అక్క


1990 డిసెంబరు 3

అక్కా,

నీ చేతిరాత కవరు మీద చూసి, తెరవడానికి అరగంట పట్టింది.

జరిగింది మార్చిలో. ఇంజను గదిలో ఒక పైపు పగిలింది. మూసేశాం. ఇంతే రాద్దామనుకున్నాను, కానీ నువ్వు "పైపు పగిలితే పతకం ఇస్తారా?" అని తిరుగుటపాలో అడుగుతావు. అంత లోతులో నీళ్ళు కారవక్కా, దూసుకొస్తాయి. చిల్లు వేలి లావే, ధార మాత్రం మనిషిని విసిరి గోడకి కొడుతుంది. గదంతా మంచులా తుంపర, ఏమీ కనపడదు. నేనూ ఇద్దరు మెకానిక్కులూ లోపలికెళ్ళి వెనక తలుపు బిగించేసుకున్నాం. నీళ్ళు నిండినా మా ముగ్గురితో ఆగాలి, మిగతావాళ్ళ దాకా పోకూడదు. చేత్తో తడుముకుంటూ వాల్వు వెతికాం. పదకొండు నిమిషాలు. ఒక మెకానిక్కు చెయ్యి విరిగింది, ఆ విరిగిన చేత్తోనే నాకు దీపం పట్టాడు. పతకం అతనికే ఇవ్వమని రాశాను. ఇద్దరికీ ఇచ్చారు. పేపరువాళ్ళు అతని ఫొటో వెయ్యలేదు.

తలుపు బిగించినప్పుడు ఒకటే అనిపించింది, నీకు నిజం చెప్పకుండా పోతున్నానని. అందుకని ఇప్పుడు చెబుతున్నాను.

నాన్న పోయిన సందేశం మర్నాడే కెప్టెన్ చేతికి అందింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ముప్పై తొమ్మిది రోజులు నాకు చెప్పలేదు. ఒడ్డుకి తాళ్ళు కట్టగానే బీరువా అంత ఉండే తన గదిలోకి పిలిచి, మంచం మీద కూర్చోబెట్టి, ఒక్క వాక్యంలో చెప్పాడు. "నిన్ను ఇంటికి పంపడం నా చేతిలో లేదు. చెబితే ఆ అరమంచం మీద ఏడుస్తూ ఉంటావు, చెప్పకపోతే నీ పని నువ్వు చేసుకుంటావు. చెప్పకూడదని నేనే నిర్ణయించాను. తప్పయితే తప్పు నాది" అన్నాడు. నేను లేచేదాకా పక్కనే కూర్చున్నాడు. భార్యాపిల్లలు రేవులో ఎదురుచూస్తుంటే రెండు గంటలు కూర్చున్నాడు.

నీకెందుకు చెప్పలేదంటే, ఆయన్ని నువ్వు అసహ్యించుకుంటావని. నన్ను అసహ్యించుకుంటే తట్టుకోగలననుకున్నాను. తట్టుకోలేకపోయాను.

వచ్చే ఏడాది నన్ను కెప్టెన్ని చేస్తున్నారు. రేపు ఎవడి తండ్రి కబురో నా జేబులోకి వస్తుంది. చెప్పాలా, వద్దా? ఇరవై ఏళ్ళుగా మనుషులకి చెడ్డకబుర్లు చెప్పడం నీ పని. నువ్వే చెప్పు.

గుండు


1991 జనవరి 8

ఒరేయ్ గుండూ,

నాలుగేళ్ళు. తప్పు చెయ్యనివాడు తిట్లు తిన్నాడు, తిట్టినదానికి సుఖం లేకపోయింది. ఇద్దరం ఒకే కడుపున పుట్టామనడానికి ఇంకో రుజువు అక్కర్లేదు.

మీ కెప్టెన్ మంచివాడే కావచ్చు. కానీ పోయింది ఆయన తండ్రి కాదు. ఆ దుఃఖం నీది. నీది తీసి ఆయన జేబులో పెట్టుకోవడానికి ఆయనెవరు? క్షమించమని నన్నడక్కు.

నీ ప్రశ్నకి జవాబు. మొదట్లో మనిషి మొహం చూసి పోల్చేసేదాన్ని, వీడు తట్టుకుంటాడు, వీడు తట్టుకోలేడు అని. సగంసార్లు బోర్లాపడ్డాను. కొండలా ఉన్నవాడు కూలిపోయాడు. ఎండుపుల్లలా ఉన్నావిడ "ఇంకెన్నాళ్ళు సిస్టరూ, తేల్చి చెప్పు, పనులున్నాయి" అంది. అందుకని ఇప్పుడు మంచం ఇచ్చేటప్పుడే అడుగుతాను: "చెడ్డకబురైతే మీకు చెప్పనా, ఇంకెవరికైనా చెప్పనా?" నువ్వూ అడుగు. బయల్దేరకముందే, ఒక్కొక్కణ్ణీ విడివిడిగా. చెప్పిన మాట రాయించుకో. ఆ తర్వాత దాని మీద నిలబడు.

భోజనం సరిగ్గా చెయ్యి. పేపరు ఫొటోలో కాలరు వదులైపోయింది. దర్జీ కూతుర్ని, నాకు తెలియదా!

నీ అక్క


1995 మే 27

అక్కా,

నీ మాట ప్రకారం నాలుగేళ్ళుగా బయల్దేరే ముందు అందర్నీ అడుగుతున్నాను. ఒక్కొక్కడూ ఒక కాగితం మీద రాసి, కవరు అంటించి ఇస్తాడు. అవసరం పడితేనే తెరుస్తాను. ఈసారి మొదటిసారి తెరిచాను.

మా వంటాయన్ని నీకు పరిచయం చెయ్యాలి. గుమ్మంలో పట్టనంత మనిషి, పొయ్యి దగ్గర నిలబడితే ఇంకెవరూ దూరలేరు. బయల్దేరిన పదకొండో రోజున ఆయన తల్లి పోయిందని సందేశం వచ్చింది. కవరు తెరిచాను. "చెప్పొద్దు సార్. నా మనసు పాడైతే వంట పాడవుతుంది, డెబ్భైమంది నోరు పాడవుతుంది" అని రాసి ఉంది.

అక్కా, ఆ తర్వాత ముప్పై రోజులు ఆయన చేతివంట తిన్నాను. పూటపూటా పళ్ళెం పట్టుకొచ్చి, "ఏం సార్, ఉప్పు సరిపోయిందా?" అని నవ్వుతాడు. సరిపోయిందంటాను. ఒకరోజు వాళ్ళమ్మ నేర్పిన పద్ధతిలో పులుసు చేశానని, ఆవిడకి చెబితే పొంగిపోతుందని అన్నాడు. పెరిస్కోపు దగ్గర ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయాను.

నా సంగతి తెలుసుగా, సముద్రంలో నాకు తిండి సహించదు. ఆ నెల మాత్రం ఒక్క మెతుకు వదల్లేదు. అది ఆయన చెయ్యి. వదలబుద్ధి కాలేదు.

తాళ్ళు కట్టగానే పిలిచి చెప్పాను. "మీకెప్పుడు తెలిసింది సార్?" అన్నాడు. పదకొండో రోజన్నాను. లెక్కపెట్టుకున్నాడు. "అందుకా సార్, పళ్ళేలు అంత శుభ్రంగా వచ్చాయి" అని, నా భుజం మీద ఆ పెద్ద చెయ్యి వేశాడు. ఓదార్చాల్సింది నేను. ఆయనే నన్ను ఓదార్చాడు.

అప్పుడు తెలిసింది మా పాత కెప్టెన్ ఏం మోశాడో. నాన్న చావు ముప్పై తొమ్మిది రోజులు ఆయన ఒక్కడే మోశాడు. నేను ఎదురుపడ్డప్పుడల్లా, "ఎలా ఉన్నావు?" అని అడుగుతూ. నన్నడక్కుండా తీసుకోవడం తప్పే. కానీ తేలిగ్గా తీసుకోలేదు అక్కా.

గుండు


1995 జూలై 12

గుండూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపిస్తూ సగంలో ఆగిపోయాను. మిగతాది ఆయనే చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వీడు పెద్దవాడైపోయాడే" అన్నాడు. అడ్మిరల్ ఇచ్చే పతకాలకన్నా అది పెద్దది, ఆయన ఎవర్నీ మెచ్చుకోడు.

నాలుగేళ్ళుగా తిడుతున్న మీ పాత కెప్టెన్ అడ్రసు మీ ఆఫీసులో అడిగి సంపాదించాను. ఉత్తరం రాశాను. మొదటి పేజీలో తిట్టాను, రెండో పేజీలో నమస్కారం పెట్టాను. వారంలో జవాబొచ్చింది, నాలుగు వాక్యాలు: "అమ్మా, మీ మొదటి పేజీ న్యాయమైనది. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. మీ తమ్ముడు నాకన్నా మంచి దారి కనిపెట్టాడు. అతని దగ్గర నేర్చుకున్నానని చెప్పండి."

చెప్పాను. ఇంకో సంగతి. అందరిచేతా రాయిస్తున్నావు సరే, నీ కాగితం మీద నువ్వేం రాసుకున్నావు?

నీ అక్క


1998 అక్టోబరు 5

అక్కా,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది.

నిన్న ఒడ్డుకొచ్చాను. బావ ఉత్తరం ఉంది. నీకు రొమ్ములో గడ్డ అట, ఆపరేషన్ అట, అది అయి ముప్పై నాలుగు రోజులట! మా ఆఫీసువాళ్ళు సందేశం పంపుతామంటే నువ్వే వద్దన్నావట. "వాడి చేతిలో డెబ్భైమంది ఉన్నారు" అన్నావట.

నన్నడిగావా? అడగమని ప్రపంచానికంతా చెప్పే మనిషివి, నన్నడిగావా? నీ రోగం నీ జేబులో పెట్టుకుని కూర్చోడానికి నువ్వెవరు?

మూడేళ్ళ కిందట నా కాగితం గురించి అడిగావు, దాటేశాను. అది మా ఉపకెప్టెన్ దగ్గర ఉంటుంది. ఇదీ అందులో ఉన్నది: "మా అక్క కబురు ఏదైనా ఆ క్షణమే చెప్పు. నేను పని చెయ్యగలను." ప్రతి ప్రయాణానికీ అదే రాశాను.

శుక్రవారం వస్తున్నాను. లేచి తిరుగుతూ కనపడ్డావో, ఊరుకోను.

గుండు


1998 అక్టోబరు 8

ఒరేయ్,

ఇది చేరేసరికి నువ్వు బయల్దేరి ఉంటావు. అయినా కాగితం మీద ఒప్పుకోవాలి. తప్పయింది. నర్సునే గానీ, ముందు నీకు అక్కని. అక్క అడగదు, దాచేస్తుంది. మీ కెప్టెన్ని అన్నేళ్ళు తిట్టి, చివరికి ఆయన చేసిన పనే చేశాను.

గడ్డ చెడ్డది కాదని తేలింది. భయం లేదు. ఇకమీదట జలుబు చేసినా సందేశం పంపిస్తాను. మీ వైర్‌లెస్ వాళ్ళు విసుక్కుంటే నువ్వే సర్దుకో.

నీ అక్క


2015 ఏప్రిల్ 20

గుండూ,

ఇంటికి క్షేమంగా చేరాం. బావ దారిపొడుగునా నీ గురించే. పక్కసీటు ఆయన అడగకపోయినా నువ్వు వైస్ అడ్మిరల్‌వని, సబ్‌మెరైన్లన్నిటికీ పెద్దవని, రేపు నెలాఖరుకి రిటైరవుతున్నావని చెప్పాడు. నాన్న పూనాడనుకున్నాను.

ముప్పై రెండేళ్ళుగా నువ్వు రాస్తున్న గొట్టంలోకి మొన్న మొదటిసారి దిగాను. నిచ్చెన మీద నా మోకాళ్ళు అరిస్తే, కింద ఒక కుర్ర ఆఫీసరు "నెమ్మది పెద్దమ్మా, నేనున్నా" అన్నాడు. నీ పాతమంచం లాంటిది చూపించారు. కొలిచాను, పొడవు బారెడు కూడా లేదు. నా వార్డులో అలాంటిది రోగికిస్తే గొడవైపోయేది. ఇప్పుడు ప్రతి బోటులోనూ బయల్దేరే ముందు అందర్నీ అడిగి రాయించుకుంటారట, అది నీ ఆర్డరట. "ఎక్కడ నేర్చుకున్నారు సార్?" అని ఆ బోటు కుర్ర కెప్టెన్ అడిగితే నావైపు వేలు చూపించావు. డెబ్భైమంది తలలు తిరిగాయి. ఎటు చూడాలో తెలీలేదు నాకు.

అందుకే తడబడ్డానేమో. ఆ కుర్ర కెప్టెన్ "ఆయన ఇంట్లో కూడా ఇంత తక్కువ మాట్లాడతారా అమ్మా?" అని అడిగితే, "ఇంట్లో ఎప్పుడున్నాడు బాబూ, తెలియడానికి?" అనేశాను. అందరూ నవ్వారు. నువ్వు తల దించుకున్నావు. అది చూసి నా నోరు పడిపోతే బాగుండుననిపించింది. రైల్లో కన్ను మూతపడలేదు.

నేననాల్సింది అది కాదు. "ఇంట్లో లేకపోయినా, ఉత్తరాల్లో బోలెడు మాట్లాడాడు బాబూ. నాకు తెలిసినవాళ్ళలో ఇంతగా మాట్లాడినవాడు లేడు" అనాల్సింది. ఆలస్యమైనా ఇప్పుడంటున్నాను. మనసులో పెట్టుకోకు.

నీ అక్క


2015 ఏప్రిల్ 25

అక్కా,

నేను తల దించుకున్నది బాధతో కాదు. నవ్వాపుకోలేక. సిబ్బంది ముందు వైస్ అడ్మిరల్ పళ్ళికిలించకూడదు, అందుకని బూట్లు చూసుకున్నాను. నువ్వు రైల్లో నిద్రపోలేదని చదివి మళ్ళీ నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. నువ్వన్నది నిజమే కదా.

ఆఫీసు గది ఖాళీ చేశాను. నా సామానంతా కలిపి రెండు పెట్టెలు. ఇన్నేళ్ళూ అరమంచం మీద బతికినవాడికి అంతకన్నా ఏం పోగవుతుంది? కింది గుమాస్తా నుంచి మా మెకానిక్కుల దాకా చేతులు కలిపి వెళ్ళారు. ఆఖరిసారి బోటులోంచి నిచ్చెన ఎక్కి పైకొచ్చినప్పుడు ఎండ కళ్ళలో కొట్టింది.

ఇంట్లో ఎలా మాట్లాడాలో నాకు నిజంగానే తెలీదక్కా. రాయడం వచ్చు, అంతే. మొదట్లో నీళ్ళు నమిలితే ఓపిక పట్టు.

వచ్చే నెల మొదటి బుధవారం, పొద్దున తొమ్మిదింటికి బెల్లు కొడతాను. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఎక్కడికీ పోకు. బావని పంపకు. తలుపు నువ్వే తియ్యి.

గుండు